డిపెండెన్సీ ఇంజెక్షన్ కంటైనర్లలో కంపైల్ ఎర్రర్లు

ఒక క్లాసు తన పనికి కావలసిన ఇతర ఆబ్జెక్టులను తానే తయారు చేసుకోకుండా బయటి నుంచి అందుకునే పద్ధతిని డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. ప్రోగ్రాం మొత్తానికీ ఈ అందించే బాధ్యతను ఒక్కచోట మోసే లైబ్రరీయే కంటైనర్. ఆర్డర్లు చూసే క్లాసుకు డేటాబేస్ కావాలి. డేటాబేస్‌కు కనెక్షన్ కావాలి. కనెక్షన్‌కు చిరునామా, పాస్‌వర్డు కావాలి. ఈ గొలుసును ప్రోగ్రామర్ చేత్తోనే అల్లుకోవచ్చు. పది పదిహేను క్లాసుల ప్రోగ్రాంకు అదే మేలు కూడా. క్లాసులు వందల్లోకి వెళ్లాక కంటైనర్ లేకుండా నెట్టుకురావడం కష్టం. కంటైనర్ వచ్చాక దానితోపాటే మామూలు కోడ్‌లో ఎదురుపడని కంపైల్ ఎర్రర్లూ వచ్చిపడతాయి.

వీటికి ఒక ఉమ్మడి గుణం ఉంది. తప్పు జరిగిన చోటు ఒకటైతే, కంపైలర్ వేలు చూపించే చోటు ఇంకొకటి. సెమీకోలన్ మరిచిపోతే కంపైలర్ ఆ వరుస దగ్గరే ఆగుతుంది. కంటైనర్ విషయంలో అలా కాదు. ఏది ఎలా తయారవుతుందో కంటైనర్‌కు చెప్పే మాడ్యూల్‌లో రాయవలసిన వరుస రాయకపోతే, మనిషెవరూ రాయని, యంత్రం పుట్టించిన ఫైలులో ఎర్రర్ బయటపడుతుంది. కాబట్టి మందు వెతికేముందు, ఆ ఎర్రర్ సందేశం ఇస్తున్నది కంపైలరా, కంటైనరా, బిల్డ్ సాధనమా అన్నది తేల్చుకోవాలి. గంటల తరబడి వృథా అయ్యే సమయంలో ఎక్కువ భాగం ఈ ఒక్క ప్రశ్న వేసుకోకపోవడం వల్లే పోతుంది.

ఎర్రర్ రన్‌టైమ్ నుంచి కంపైల్ సమయానికి ఎలా చేరింది

డిపెండెన్సీ ఇంజెక్షన్ అన్న పేరు 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో స్థిరపడింది. జావా ప్రపంచంలో ఈ పద్ధతిని ఇంటింటికీ చేర్చిన స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ 1.0 అదే ఏడాది మార్చిలో విడుదలైంది. ఆ రోజుల్లో కూర్పంతా ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో ఉండేది. క్లాసు పేరులో ఒక్క అక్షరం తప్పినా కంపైలర్‌కు పట్టేది కాదు. అది ఆ ఫైలును చూడనే చూడదు. సర్వర్ పైకి లేచే వేళ బండెడు ఎక్సెప్షన్ వచ్చేది. 2007లో గూగుల్ విడుదల చేసిన గ్యూస్ కూర్పును ఎక్స్‌ఎంఎల్ నుంచి జావా కోడ్‌లోకి తెచ్చింది. దాంతో పేర్లలో, టైపుల్లో పొరపాట్లు కంపైలర్‌కు చిక్కసాగాయి. అయినా ఫలానా ఇంటర్‌ఫేస్‌కు అసలు అమలు ఉందా లేదా అన్నది మాత్రం ప్రోగ్రాం నడిచినప్పుడే తెలిసేది. 2009లో జేఎస్‌ఆర్-330 ప్రమాణం వచ్చింది. @ఇంజెక్ట్, @నేమ్డ్, @క్వాలిఫైయర్, @స్కోప్, @సింగిల్టన్ అనే యానొటేషన్లు అన్ని జావా కంటైనర్లకూ ఉమ్మడి అయ్యాయి.

మలుపు ఆండ్రాయిడ్ వైపు నుంచి వచ్చింది. ఫోన్‌లో రిఫ్లెక్షన్, అంటే ప్రోగ్రాం నడుస్తుండగా క్లాసులను పరిశీలించడం, నెమ్మది. యాప్ తెరుచుకునేలోపు వందల క్లాసులను తడిమి చూసే తీరిక అక్కడ ఉండదు. స్క్వేర్ సంస్థ 2012లో తెచ్చిన డాగర్, ఈ లెక్కనంతా కంపైల్ సమయంలోనే తేల్చే ప్రయత్నం చేసింది. గూగుల్ దాన్ని అందుకుని రిఫ్లెక్షన్‌ను పూర్తిగా తీసేసి, 2015లో డాగర్ 2గా విడుదల చేసింది. 2020లో దాని మీద ఆండ్రాయిడ్ కోసం హిల్ట్ వచ్చింది. పెళ్లి వంటకు పొయ్యి వెలిగించాక చింతపండు లేదని తెలుసుకోవడానికీ, ముందురోజే సరుకుల చీటీ సరిచూసుకోవడానికీ ఉన్నంత తేడా ఇది. లోపాలు వినియోగదారుడి ఫోన్‌లో పేలడం మాని ప్రోగ్రామర్ తెర మీదకు వచ్చాయి. ఎర్రర్ల సంఖ్య తగ్గలేదు, చోటు మారిందంతే.

ఈ వ్యాసం ఎక్కువగా డాగర్, హిల్ట్‌ల చుట్టూ తిరగడానికి కారణం అదే. కంపైల్ ఎర్రర్ అన్న మాటకు పూర్తి అర్థం అక్కడే ఉంది. స్ప్రింగ్‌లో కంపైల్ సమయంలో కనబడేవి చాలావరకు మామూలు ఎర్రర్లే: జార్ ఫైలు లేదు, ఇంపోర్ట్ తప్పు, ప్యాకేజీ పేరు మారింది. కంటైనర్ వాటిలో కేవలం సాక్షి.

మూడు గొంతులు

జావా 6తో 2006లో వచ్చిన జేఎస్‌ఆర్-269 ప్రమాణం, కంపైలర్ పని మధ్యలో బయటి ప్రోగ్రాములు తలదూర్చేందుకు వీలు కల్పించింది. వీటిని యానొటేషన్ ప్రాసెసర్లు అంటారు. కంపైలర్ ముందు సోర్సు చదువుతుంది. ప్రాసెసర్లకు ఒక అవకాశం ఇస్తుంది. అవి కొత్త ఫైళ్లు పుట్టిస్తే వాటినీ చదివి మళ్లీ అవకాశం ఇస్తుంది. కొత్త ఫైళ్లు రావడం ఆగేదాకా ఇలా విడతలు విడతలుగా సాగుతుంది. డాగర్ పనిచేసేది ఈ విడతల్లోనే. కూర్పుకు ముఖద్వారమైన కాంపొనెంట్‌ను యాప్‌కాంపొనెంట్ అనే ఇంటర్‌ఫేస్‌గా మనం రాస్తే, డాగర్‌యాప్‌కాంపొనెంట్ అనే క్లాసును అది రాసిపెడుతుంది.

ఇందువల్ల తెర మీద మూడు గొంతులు కలగాపులగంగా వినిపిస్తాయి. చదరపు బ్రాకెట్లలో డాగర్ పేరు, గీత, ఆ తరవాత ఎర్రర్ రకం ఉంటే మాట్లాడుతున్నది కంటైనర్. అది మన కోడ్‌ను అర్థం చేసుకుంది, దానిలో లోటు చూపిస్తోంది. సింబల్ కనబడలేదు అనే మాట ఉంటే అది కంపైలర్ గొంతు. కంటైనర్ బహుశా పనే మొదలుపెట్టలేదు, లేదా మధ్యలో వదిలేసింది. ప్లగిన్ వేశారా అని అడిగినా, వెర్షన్లు కలవలేదన్నా అది గ్రేడిల్ వంటి బిల్డ్ సాధనం వ్యవహారం. హిల్ట్ వాడేవారికి పరిచితమైన ఒక సందేశం ఈ మూడో జాతిదే: @హిల్ట్‌ఆండ్రాయిడ్‌యాప్‌కు విలువ ఉండాలి, గ్రేడిల్ ప్లగిన్ పెట్టడం మరిచారా అని అడుగుతుంది. మాట్లాడేది హిల్టే అయినా, తప్పు బిల్డ్ ఫైలుది. అప్పుడు జావా ఫైళ్లన్నీ తిరగేసినా ప్రయోజనం లేదు.

పుట్టవలసిన క్లాసు పుట్టకపోవడం

డాగర్‌యాప్‌కాంపొనెంట్ అనే క్లాసు కనబడలేదన్నది కొత్తవారిని మొదట పలకరించే ఎర్రర్. దీన్ని చూసి ఆ పేరు ఎక్కడ తప్పు రాశామా అని వెతకడం సహజం. నిజానికి ఇది జబ్బు కాదు, లక్షణం. ఆ క్లాసును రాయవలసిన ప్రాసెసర్ నడవలేదు, లేదా నడిచి ఇంకేదో తప్పు చూసి రాయకుండా ఊరుకుంది. రెండింటినీ విడదీయడం తేలిక: అవుట్‌పుట్‌లో ఎక్కడైనా డాగర్ సొంత సందేశం ఉందా లేదా చూస్తే చాలు.

ప్రాసెసర్ నడవకపోవడానికి ఒక్కో కాలంలో ఒక్కో కారణం. 2018లో వచ్చిన గ్రేడిల్ 5.0, మామూలు డిపెండెన్సీల మధ్య పడి ఉన్న ప్రాసెసర్లను తనంతట తాను ఏరుకోవడం మానేసింది. వాటిని ప్రత్యేకంగా యానొటేషన్‌ప్రాసెసర్ వరుసలో చెప్పాలి. కాట్లిన్‌లో రాసిన క్లాసులకు ఆ వరుసా పనికిరాదు, కాట్లిన్ కోసం ప్రాసెసర్లను నడిపే కాప్ట్ గానీ కేఎస్‌పీ గానీ ఉండాలి. జావా ప్రాజెక్టును సగం కాట్లిన్‌లోకి మార్చినచోట ఇది తరచుగా తగులుతుంది: జావాలో మిగిలిన క్లాసులకు ఫైళ్లు పుడతాయి, కాట్లిన్‌వాటికి పుట్టవు. 2024 సెప్టెంబరులో వచ్చిన జేడీకే 23 ఇదే పాఠాన్ని కంపైలర్ స్థాయిలో చెప్పింది. అంతకు ముందు క్లాస్‌పాత్‌లో ప్రాసెసర్ ఉంటే జావా కంపైలర్ దాన్ని అడగకుండానే నడిపేది. ఇప్పుడు ప్రాసెసర్ దారి విడిగా చూపించాలి, లేదా ప్రాసెసింగ్ పూర్తిగా కావాలని స్పష్టంగా చెప్పాలి. గ్రేడిల్ ఎప్పుడూ దారి చూపిస్తూనే ఉంటుంది కాబట్టి దానికి బెడద లేదు. పాత పద్ధతిలో రాసుకున్న మావెన్ ప్రాజెక్టుల్లో మాత్రం కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండా, జేడీకే మార్చినందుకే పుట్టవలసిన క్లాసులన్నీ మాయమవుతాయి.

జేడీకే మార్పు తెచ్చే ఇంకో తంటా కూడా ఉంది. పాత ప్రాసెసర్లు తాము పుట్టించిన ప్రతి క్లాసు నెత్తినా జావాఎక్స్.యానొటేషన్ ప్యాకేజీలోని @జనరేటెడ్ ముద్ర వేసేవి. ఆ ప్యాకేజీని జావా 11 జేడీకే నుంచి తీసేశారు. దాంతో యంత్రం రాసిన ఫైళ్లలోనే ఎర్రర్లు మొదలయ్యాయి. ఆ ఫైళ్లను చేత్తో సరిదిద్దితే మరుసటి బిల్డ్‌లో తిరిగి అలాగే వస్తాయి. ప్రాసెసర్ వెర్షన్ పెంచడమే దారి.

ఇక రెండో పరిస్థితి: డాగర్ నడిచింది కానీ దాని మాట మనకు వినబడలేదు. జావా కంపైలర్ మామూలుగా 100 ఎర్రర్లు ముద్రించి ఆగిపోతుంది. ఆండ్రాయిడ్ డేటా బైండింగ్ వాడే ప్రాజెక్టును తీసుకోండి. ఎక్కడో ఒక డాగర్ లోపం వల్ల కోడ్ పుట్టించే పని అర్ధాంతరంగా ఆగుతుంది. డేటా బైండింగ్ పుట్టించవలసిన క్లాసులు కూడా దానితో ఆగిపోతాయి. వాటిని ఇంపోర్ట్ చేసుకున్న ప్రతి ఫైలూ తన వంతు ఎర్రర్ వేస్తుంది. నూరు వరుసలు అలా నిండిపోయాక అసలు డాగర్ సందేశం 101వదో, 140వదో అయి తెర మీదకు రాకుండానే పోతుంది. ప్రోగ్రామర్ డేటా బైండింగ్‌ను తిట్టుకుంటూ రోజు గడుపుతాడు. కంపైలర్‌కు ఎక్స్‌మ్యాక్స్‌ఎర్ర్స్ అనే ఆప్షన్ ఇచ్చి ఆ పరిమితిని 500కో 1000కో పెంచితే, అడుగున దాగిన ఒకే ఒక్క వరుస బయటికొస్తుంది. కాప్ట్ వాడేవారు ఇదే ఆప్షన్‌ను కాప్ట్ బ్లాకులో ఇవ్వాలి. ఈ రంగంలో ఒక్క చిట్కా మాత్రమే గుర్తు పెట్టుకోవాలంటే నేను దీన్నే ఎంచుతాను.

కాప్ట్‌కు సొంత పేచీ ఒకటి ఉంది. అది కాట్లిన్ ఫైళ్లను ముందు డొల్ల జావా ఫైళ్లుగా మార్చి ప్రాసెసర్లకు చూపిస్తుంది. అప్పటికి ఇంకా పుట్టని క్లాసు పేరు తగిలితే దాని స్థానంలో నాన్‌ఎగ్జిస్టెంట్‌క్లాస్ అని రాసేస్తుంది. ఎర్రర్‌లో ఆ పేరు చూసి ప్రాజెక్టంతా వెతికినా దొరకదు, ఎందుకంటే అది ఎవరి క్లాసూ కాదు. కాప్ట్ అమరికల్లో కరెక్ట్‌ఎర్రర్‌టైప్స్‌ను ఆన్ చేస్తే అసలు పేరు అలాగే నిలుస్తుంది. 2021లో స్థిరపడిన కేఎస్‌పీ ఈ డొల్ల ఫైళ్ల మెట్టునే తీసేసింది, వేగమూ పెరిగింది. కానీ డాగర్‌ను కేఎస్‌పీలోకి మార్చి, ఇంకో లైబ్రరీని కాప్ట్‌లోనే ఉంచితే, కాప్ట్ పుట్టించే క్లాసులు డాగర్ కంట పడవు. ఫలానా క్లాసును పరిష్కరించలేకపోయాను కాబట్టి ఈ కన్‌స్ట్రక్టర్‌ను ప్రాసెస్ చేయలేకపోయాను అని ఇంజెక్ట్‌ప్రాసెసింగ్‌స్టెప్ పేరిట సందేశం వస్తుంది. దాని కింద వచ్చే డిపెండెన్సీ ట్రేస్‌లో చివరి వరుసే ముఖ్యం. ఏ టైపు దగ్గర దారి మూసుకుపోయిందో అక్కడ ఉంటుంది.

మిస్సింగ్ బైండింగ్

ఒక టైపును ఎలా ఇవ్వాలో కంటైనర్‌కు చెప్పే ముడిని బైండింగ్ అంటారు. కంటైనర్ సొంత గొంతుతో పలికే ఎర్రర్లలో పెద్దది మిస్సింగ్‌బైండింగ్. ఫలానా టైపును ఇవ్వాలంటే దానికి @ఇంజెక్ట్ ఉన్న కన్‌స్ట్రక్టర్ కావాలి, లేదా @ప్రొవైడ్స్ ఉన్న మెథడ్ కావాలి అన్నది దాని సారాంశం. ఈ వాక్యం రెండు రూపాల్లో వస్తుందని చాలామంది గమనించరు. కన్‌స్ట్రక్టర్ ఊసు లేకుండా @ప్రొవైడ్స్ మెథడ్ ఒక్కటే అడిగితే, ఆ టైపుకు @ఇంజెక్ట్ కన్‌స్ట్రక్టర్ పనికొచ్చే అవకాశమే లేదని అర్థం. చాలాసార్లు అది ఇంటర్‌ఫేస్ గానీ, అబ్‌స్ట్రాక్ట్ క్లాసు గానీ, కింద చెప్పబోయే వైల్డ్‌కార్డ్ టైపు గానీ అయి ఉంటుంది. ఇంటర్‌ఫేస్ అయితే దాని అమలు క్లాసుకు @ఇంజెక్ట్ పెట్టి ఊరుకుంటే చాలదు, రెండింటినీ ముడివేసే @బైండ్స్ వరుస కావాలి.

సందేశం కింద వచ్చే మెట్లను పైనుంచి కిందికి చదవాలి. మొదట లోటుపడిన టైపు, తరవాత దాన్ని అడిగిన కన్‌స్ట్రక్టర్, ఆ కన్‌స్ట్రక్టర్ ఉన్న క్లాసును అడిగిన ఇంకో క్లాసు, అలా దిగుతూ చివరకు కాంపొనెంట్ దగ్గర ముగుస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎర్రర్ల చెట్టు చూపించే మొదటి వరుసతో ఆగకుండా పూర్తి అవుట్‌పుట్ తెరిస్తేనే ఈ మెట్లు కనిపిస్తాయి. హిల్ట్‌లో ఈ ఎర్రర్ చూపించే ఫైలు హిల్ట్‌కాంపొనెంట్స్ అనే తోకతో యంత్రం రాసినది. అందులో సింగిల్టన్‌సీ, యాక్టివిటీసీ, వ్యూమోడల్‌సీ అనే పొట్టి పేర్లుంటాయి. ఆ పొట్టి పేరు వృథా కాదు. ఏ కాంపొనెంట్ దగ్గర లెక్క తప్పిందో చెప్పేది అదే.

ఉదాహరణకు వ్యూమోడల్‌కు ఒక నావిగేటర్ కావాలి. నావిగేటర్ ఇచ్చే మాడ్యూల్ @ఇన్‌స్టాల్‌ఇన్ ద్వారా యాక్టివిటీకాంపొనెంట్‌లో ఉంది. కోడ్ చూస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టుంటుంది. బైండింగ్ కళ్లెదుటే ఉంది, కంటైనర్ మాత్రం లేదంటుంది. హిల్ట్ వంశవృక్షంలో వ్యూమోడల్‌కాంపొనెంట్, యాక్టివిటీకాంపొనెంట్ రెండూ యాక్టివిటీరిటెయిన్డ్‌కాంపొనెంట్ పిల్లలు. తోబుట్టువులన్నమాట. పిల్ల కాంపొనెంట్ తల్లి దగ్గరున్నవి వాడుకోగలదు, తోబుట్టువు దగ్గరున్నవి వాడుకోలేదు. కొత్త వెర్షన్లు ఈ టైపు ఫలానా ఇతర కాంపొనెంట్లలో దొరుకుతోంది అని ఒక నోట్ జతచేస్తాయి. ఆ నోట్ కనబడిందంటే లోటు బైండింగ్‌లో లేదు, దాని స్థానంలో ఉంది. ఇక్కడ తొందరపడి మాడ్యూల్‌ను సింగిల్టన్‌కాంపొనెంట్‌లోకి ఎక్కించేవారు ఎక్కువ. కొన్నిసార్లు ఎర్రర్ పోతుంది కూడా. కానీ తెర తిరిగినప్పుడల్లా కొత్తగా పుట్టే యాక్టివిటీని యాప్ బతికున్నంతకాలం ఉండే ఆబ్జెక్టు పట్టుకుని కూర్చుంటే మెమరీ లీకవుతుంది. స్క్రీన్ జీవితకాలంతో ముడిపడిన వస్తువును వ్యూమోడల్ అడగడమే తప్పని డాగర్ అక్కడ నిజమే చెబుతోంది.

కాట్లిన్ తెచ్చిన చిక్కుముడులు

డాగర్ జావా కళ్లతో చూస్తుంది, ప్రోగ్రామర్ కాట్లిన్‌లో రాస్తాడు. ఈ రెండు భాషల మధ్య సందులో పడే ఎర్రర్లు పైకి పూర్తిగా అసంబద్ధంగా కనిపిస్తాయి.

నెట్‌వర్క్ మాడ్యూల్‌లో @ఇంటుసెట్ వేసి రెండు ఇంటర్‌సెప్టర్లను సమకూర్చారనుకుందాం. క్లయింటును తయారు చేసే క్లాసు కన్‌స్ట్రక్టర్‌లో సెట్<ఇంటర్‌సెప్టర్> అని అడిగింది. బిల్డ్ చేస్తే, సెట్<? ఎక్స్‌టెండ్స్ ఇంటర్‌సెప్టర్> అనే టైపు దొరకలేదంటుంది. మనం ఆ ప్రశ్నార్థకం ఎక్కడా రాయలేదు. కాట్లిన్‌లో సెట్ చదవడానికి మాత్రమే కాబట్టి, ఫంక్షన్‌కు ఇచ్చే పారామీటర్‌గా వచ్చినప్పుడు కాట్లిన్ కంపైలర్ దాన్ని జావాకు వైల్డ్‌కార్డ్‌తో చూపిస్తుంది. తిరిగొచ్చే విలువగా ఉన్నప్పుడు మాత్రం వైల్డ్‌కార్డ్ పెట్టదు. ఇచ్చినవైపు ఒక టైపు, అడిగినవైపు ఇంకో టైపు అయ్యాయి. డాగర్ టైపులను అక్షరం పొల్లుపోకుండా పోలుస్తుంది, దగ్గర చుట్టరికాలు లెక్కలోకి తీసుకోదు. అడిగినచోట @జేవీఎం‌సప్రెస్‌వైల్డ్‌కార్డ్స్ పెడితే సరిపోతుంది. ఎర్రర్‌లో మనం రాయని ప్రశ్నార్థకం గుర్తు కనబడితే ఇంకేం ఆలోచించకుండా ఇటు చూడవచ్చు.

లేజీతో జరిగే మోసం ఇంకా సూక్ష్మం. ఒక ఆబ్జెక్టును అవసరమైనప్పుడే తయారు చేయమని డాగర్‌కు చెప్పడానికి లేజీ<డేటాబేస్> అని అడుగుతారు. డాగర్‌కు ఆ పేరుతో సొంత ఇంటర్‌ఫేస్ ఉంది. కాట్లిన్‌కూ అదే పేరుతో ఒకటుంది, దానికి ఇంపోర్ట్ కూడా అక్కర్లేదు. కాబట్టి ఇంపోర్ట్ వరుస మరిచిపోయినా ఎడిటర్‌లో ఎర్రగీత పడదు. బిల్డ్ చేసినప్పుడు కాట్లిన్.లేజీ ఇవ్వలేనని డాగర్ మొరాయిస్తుంది. ఎర్రర్‌లో పూర్తి ప్యాకేజీ పేరు చదివితే క్షణంలో తేలే విషయం. చివరి పేరు మాత్రమే చూసి సరేననుకునే కళ్లకు మాత్రం తేలదు.

ప్రైవేట్ ఫీల్డులోకి ఇంజెక్ట్ చేయలేననే ఎర్రర్ కూడా ఈ కోవదే. పుట్టించిన కోడ్ మామూలు జావా కోడే కాబట్టి ప్రైవేట్ గోడ దాటలేదు. రిఫ్లెక్షన్ వాడే గ్యూస్, స్ప్రింగ్ ఆ గోడ దూకగలవు. అక్కడ నుంచి ఇటు వచ్చినవారికి ఇది వింతగా తోస్తుంది. లేట్‌ఇనిట్ వార్ రాసి, ముందున్న ప్రైవేట్ తీసేస్తే తీరుతుంది.

రెండుసార్లు కట్టడం, చక్రాలు, స్కోపులు

డూప్లికేట్‌బైండింగ్స్ ఎర్రర్ అంత కలవరపెట్టేది కాదు. ఒకే టైపును ఇస్తున్న చోట్లన్నిటినీ డాగర్ వరుసగా చూపిస్తుంది. నిజంగా రెండూ కావాలంటే, ఉదాహరణకు రెండు వేర్వేరు సర్వర్ల చిరునామాలు రెండూ స్ట్రింగులే అయితే, @నేమ్డ్ గానీ సొంత క్వాలిఫైయర్ గానీ పెట్టి వేరు చేయాలి. క్వాలిఫైయర్ ఇచ్చేచోట పెట్టి అడిగేచోట మరిచిపోతే అదే లోటు ఈసారి మిస్సింగ్‌బైండింగ్ వేషంలో వస్తుంది. టెస్టుల్లో నకిలీ అమలును జోడించినప్పుడు ఈ ఎర్రర్ వస్తే, జోడించడం కాదు, @టెస్ట్‌ఇన్‌స్టాల్‌ఇన్‌తో అసలుదాని స్థానంలో పెట్టాలి.

డిపెండెన్సీసైకిల్ అంటే ఎ కావాలంటే బి కావాలి, బి కావాలంటే ఎ కావాలి. ప్రొవైడర్ గానీ డాగర్ లేజీ గానీ ఒకవైపు పెడితే చక్రం తెగి బిల్డ్ పాసవుతుంది. ఇది మందే గానీ, రెండు క్లాసులు ఒకదాని పని ఇంకొకటి చేస్తున్నాయన్న అసలు సంగతిని కప్పిపెట్టే మందు. ఆ రెండింటికీ ఉమ్మడి అయిన భాగాన్ని మూడో క్లాసులోకి తీస్తే చక్రమే ఉండదు. ఆబ్జెక్టు ఎంతకాలం ఉండాలో చెప్పే స్కోపుల ఎర్రర్ ఇంతకన్నా సూటిగా ఉంటుంది: ఏ స్కోపూ లేని కాంపొనెంట్ @సింగిల్టన్ బైండింగ్‌ను వాడుకోబోతే, లేదా ఒక స్కోపుది ఇంకో స్కోపులోకి వెళ్లబోతే, పేర్లు రెండూ చెప్పి ఆపేస్తుంది.

అనేక మాడ్యూళ్ల ప్రాజెక్టులు

యాప్‌ను పదుల గ్రేడిల్ మాడ్యూళ్లుగా విడగొట్టినచోట ఇంకో చిక్కు. లాగిన్ మాడ్యూల్ లోపల డేటా మాడ్యూల్‌ను ఇంప్లిమెంటేషన్ అనే వరుసతో వాడుకున్నారు. అంటే డేటా క్లాసులు లాగిన్‌కు కనబడతాయి, పైనున్న యాప్‌కు కనబడవు. గోప్యత దృష్టితో ఇది మంచి అలవాటు. కానీ మొత్తం గ్రాఫును కూర్చేది యాప్ మాడ్యూల్‌లోని కాంపొనెంట్. లాగిన్ కన్‌స్ట్రక్టర్‌లో ఉన్న డేటా క్లాసును అది కూడా చూడగలగాలి. చూడలేకపోతే క్లాస్ ఫైలు దొరకలేదనో, టైపును పరిష్కరించలేకపోయాననో ఎర్రర్. ఆ వరుసను ఏపీఐగా మార్చడం ఒక దారి. హిల్ట్ గ్రేడిల్ ప్లగిన్‌లో క్లాస్‌పాత్‌ను పోగుచేసే అగ్రిగేటింగ్ టాస్క్ రావడం వెనక ఉన్నది ఈ బాధే.

డాట్‌నెట్‌లో

మైక్రోసాఫ్ట్ కంటైనర్ 2016లో ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ 1.0తో వచ్చింది. ఇది రన్‌టైమ్ కంటైనర్, కోడ్ పుట్టించదు. అందువల్ల ఇక్కడి కంపైల్ ఎర్రర్లు దాదాపు అన్నీ కంపైలర్ గొంతే, వాటిలోనూ చాలావాటికి మూలం ఒక్కటే. ఈ కంటైనర్ వాడుక దాదాపు అంతా ఎక్స్‌టెన్షన్ మెథడ్ల మీద నడుస్తుంది. యూజింగ్ వరుస లేకపోయినా, నూగెట్ ప్యాకేజీ లేకపోయినా ఆ మెథడ్ ఉనికే ఉండదు.

సీఎస్1061 అలాంటిదే. ఐసర్వీస్‌కలెక్షన్‌లో యాడ్‌హెచ్‌టీటీపీక్లయింట్ అనే సభ్యుడు లేడంటుంది. టైపు సరైనదే, మెథడ్ ఉన్న మైక్రోసాఫ్ట్.ఎక్స్‌టెన్షన్స్.హెచ్‌టీటీపీ ప్యాకేజీ ప్రాజెక్టులో లేదంతే. బిల్డ్‌సర్వీస్‌ప్రొవైడర్ లేదంటే, ప్రాజెక్టు అబ్‌స్ట్రాక్షన్స్ ప్యాకేజీని మాత్రమే తెచ్చుకుందని అర్థం. ఆ మెథడ్ అసలు కంటైనర్ ప్యాకేజీలో ఉంటుంది. సీఎస్0308 మరీ తప్పుదోవ పట్టిస్తుంది. గెట్‌సర్వీస్<ఐమెయిలర్>() అని రాస్తే, జనరిక్ కాని మెథడ్‌కు టైపు ఆర్గ్యుమెంట్లు ఇవ్వకూడదని గద్దిస్తుంది. ఐసర్వీస్‌ప్రొవైడర్‌లో స్వతహాగా ఉన్నది జనరిక్ కాని గెట్‌సర్వీస్ ఒక్కటే. జనరిక్ రూపం ఎక్స్‌టెన్షన్, దాని యూజింగ్ వరుస మరిచారు. కంపైలర్ ఎదుట ఉన్నదాన్ని చూసి మాట్లాడింది, లేనిదాన్ని ఊహించలేదు.

సీఎస్0311 మాత్రం కంటైనర్ చేసే నిజమైన మేలు. యాడ్‌స్కోప్డ్<ఐమెయిలర్, ఎస్‌ఎంటీపీమెయిలర్>() అని నమోదు చేసినప్పుడు రెండో క్లాసు మొదటి ఇంటర్‌ఫేస్‌ను అమలు చేయకపోతే ఇది వస్తుంది. టైప్‌ఆఫ్ రూపంలో నమోదు చేసేవారికి ఈ కాపలా దొరకదు, అదే తప్పు రన్‌టైమ్‌లో తేలుతుంది. వీలైనంతవరకు జనరిక్ రూపమే వాడాలనడానికి ఈ ఒక్క కారణం చాలు. ఎన్‌యూ1605 అనే సంఖ్య కనబడితే సీషార్ప్ కోడ్ జోలికి పోనక్కర్లేదు. ఒక ప్యాకేజీ కొత్త వెర్షన్ అడుగుతోంది, ప్రాజెక్టు పాతదాన్ని పట్టుకుని ఉంది.

మిగతా భాషలు

గో భాషకు గూగుల్ 2018లో ఇచ్చిన వైర్, డాగర్ తోవలోనే కోడ్ పుట్టిస్తుంది. మనం రాసే వైర్ ఫైలు తలమీద వైర్‌ఇంజెక్ట్ అనే బిల్డ్ ట్యాగు ఉండాలి. అది లేకపోతే మన ఫైలు, యంత్రం రాసిన ఫైలు రెండూ ఒకే ఫంక్షన్‌ను ప్రకటిస్తాయి, గో కంపైలర్ రెండుసార్లు ప్రకటించారంటుంది. ప్రొవైడర్ దొరకలేదన్న సందేశం వైర్ సొంతం. పాయింటర్, పాయింటర్ కాని టైపు వేర్వేరన్న సంగతి మరిచినప్పుడు, ఇంటర్‌ఫేస్‌కు వైర్.బైండ్ పెట్టనప్పుడు అది వస్తుంది. వాడని ప్రొవైడర్‌ను జాబితాలో వదిలేసినా వైర్ ఒప్పుకోదు.

టైప్‌స్క్రిప్ట్‌లో ఇంటర్‌ఫేస్ కంపైల్ అయ్యాక మిగలదు. ఇన్వర్సిఫై వంటి కంటైనర్‌లో దాన్నే గుర్తుగా వాడబోతే, ఇది టైపు మాత్రమే, విలువగా వాడుతున్నారు అని టీఎస్2693 వస్తుంది. సింబల్ గానీ, ఆంగ్యులర్‌లో ఇంజెక్షన్‌టోకెన్ గానీ వాడాలి. 2023 మార్చిలో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ 5.0 ప్రామాణిక డెకరేటర్లను తెచ్చింది, కానీ వాటిలో కన్‌స్ట్రక్టర్ పారామీటర్ల మీద పెట్టే డెకరేటర్లు లేవు. పారామీటర్ల మీద ఇంజెక్ట్ పెట్టే కంటైనర్లకు పాత ఎక్స్‌పెరిమెంటల్‌డెకరేటర్స్ అమరిక కావాలి. లేకపోతే డెకరేటర్లు ఇక్కడ చెల్లవని టీఎస్1206 అంటుంది. సీ ప్లస్ ప్లస్‌లో బూస్ట్.డీఐ అనే లైబ్రరీ (పేరులో బూస్ట్ ఉన్నా అధికారిక బూస్ట్ సముదాయంలో లేదు) టెంప్లేట్ల మీద నడుస్తుంది. పుటలకొద్దీ సాగే దాని ఎర్రర్‌లో ఈజ్_నాట్_బౌండ్ అన్న మాట కోసం వెతికితే కట్టని టైపు పేరు పక్కనే ఉంటుంది.

ప్యాకేజీ పేర్లు మారిన కాలం

2020 చివర్లో వచ్చిన జకార్తా ఈఈ 9 ప్రమాణం, జావాఎక్స్ ప్యాకేజీల పేర్లను జకార్తాగా మార్చింది. 2021లో మైక్రోనాట్ 3 ఫ్రేమ్‌వర్క్, 2022 నవంబరులో స్ప్రింగ్ 6 ఆ దారి పట్టాయి. జావాఎక్స్.ఇంజెక్ట్ ప్యాకేజీ లేదన్న ఎర్రర్ వస్తే అదృష్టమే, పేరు మార్చుకుంటే పోతుంది. ప్రమాదం పాత జార్ ఇంకా క్లాస్‌పాత్‌లో మిగిలినప్పుడు. ఎడిటర్ తనంతట తాను పాత @ఇంజెక్ట్‌ను ఇంపోర్ట్ చేస్తుంది. కంపైలర్‌కు అభ్యంతరం ఉండదు, కొత్త పేరును మాత్రమే ఎరిగిన కంటైనర్‌కు ఆ యానొటేషన్ ఉన్నట్టే తెలియదు. పాత జార్‌ను బిల్డ్ నుంచి బలవంతంగా తీసేసి, ఎర్రర్లు రప్పించుకోవడమే ఇక్కడ సరైన పద్ధతి.

బిల్డ్ పాసయ్యేముందు, పాసయ్యాక

క్లీన్ చేసి మళ్లీ బిల్డ్ చేయడం చాలామందికి మొదటి మందు. ఇంక్రిమెంటల్ బిల్డ్‌లో పాత ఫైళ్లు మిగిలిపోయినప్పుడు అది పనిచేస్తుంది. ఒకసారి చేసి చూడవచ్చు, రెండోసారి అదే చేయడం కాలయాపన. ఎర్రర్ తెగనప్పుడు కాంపొనెంట్‌లోంచి మాడ్యూళ్లను సగానికి సగం తీసేస్తూ పోవడం విసుగ్గా ఉన్నా నమ్మదగిన పని.

డాట్‌నెట్‌లో కంపైల్ దాటిన లోటును పట్టేందుకు 2019లో ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ 3.0తో వాలిడేట్‌ఆన్‌బిల్డ్ వచ్చింది. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడే నమోదైన సర్వీసులన్నీ తయారు చేయగలమా అని అది సరిచూస్తుంది. ఓపెన్ జనరిక్కులను, లాంబ్డా ఫంక్షన్ల లోపల జరిగేదాన్ని మాత్రం చూడలేదు.

డాగర్ విషయంలో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. అది మాడ్యూళ్లలో రాసిన బైండింగులన్నిటినీ సరిచూడదు. కాంపొనెంట్ ముఖద్వారాల నుంచి నడుస్తూ ఎంతవరకు చేరగలదో అంతవరకే చూస్తుంది. ఎవరూ అడగని @ప్రొవైడ్స్ మెథడ్‌కు కావలసినవి దొరక్కపోయినా దానికి పట్టదు. ఆరు నెలల తరవాత ఇంకో ప్రోగ్రామర్ ఒక యాక్టివిటీలో ఒక్క ఇంజెక్ట్ వరుస రాస్తాడు. ఆ వరుస ద్వారా పాత మెథడ్ దాకా దారి పడుతుంది, ఎర్రర్ అతని పేరు మీద వస్తుంది. గిట్ చరిత్రలో అతను మార్చింది ఆ వరుస ఒక్కటే. ఫుల్‌బైండింగ్‌గ్రాఫ్‌వాలిడేషన్ అనే కంపైలర్ ఆప్షన్‌కు ఎర్రర్ అనే విలువ ఇస్తే డాగర్ అడగని బైండింగులను కూడా సరిచూస్తుంది. దీన్ని డిఫాల్ట్‌గా ఆపి ఉంచారు. కారణం, ఒక మాడ్యూల్‌లో కొన్ని బైండింగులు ఒక కాంపొనెంట్‌లో పూర్తిగా, ఇంకోదానిలో అసంపూర్తిగా ఉండటం మామూలే. ఆప్షన్ వేస్తే ఆ రెండోచోట కూడా బిల్డ్ ఆగుతుంది. పెద్ద జట్లు దీన్ని రోజువారీ బిల్డ్‌లో కాకుండా, కోడ్ విలీనానికి ముందు సర్వర్ మీద నడిచే బిల్డ్‌లో వేసుకుంటే ఆ పాత మెథడ్ దాన్ని రాసినవారి చేతుల్లో ఉండగానే దొరుకుతుంది.